ప్రోగ్రాముల విద్యయు విద్యార్థుల యవకాశములును

నేడు మన గ్రామములలో ననేక బాలబాలికలు కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. వారు గంటలకొలది తెర కెదురుగా గూర్చుండి చేయునదేమో ఇంటి పెద్దలకు దెలియదు. కొందఱు దానిని ఆటయని కోపింతురు. మఱికొందఱు అదియే సర్వస్వమని నమ్మి, పొలము తాకట్టు పెట్టి పిల్లలను పట్టణమునకు బంపుదురు. ఈ రెండింటికిని కారణము తెలియమియే. కావున ఈ విద్య యెట్టిదో, దీనిని నేర్చినవారు తమ పనిని నలుగురి యెదుట నేల పెట్టవలయునో, పెట్టినచో వారికి గలుగు నవకాశము లెవ్వియో నేడు మనవి చేయదలచితిని.

కంప్యూటరు తనంతట తా నేమియు నెఱుగని యంత్రము. ఏమి చేయవలయునో వరుసగా వ్రాసియిచ్చిన యాజ్ఞలను తు. చ. తప్పక నెఱవేర్చును. ఆ యాజ్ఞల వరుసకే ప్రోగ్రామని పేరు. మన కెల్లరకు దెలిసిన వడ్డీలెక్కనే చూడుడు. పదివేల రూపాయలకు నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున ఏడాదికి వడ్డీ 2,400 రూపాయలు. ఏడాది చివర వడ్డీని అసలులో గలుపు నొప్పందమైనచో, రెండవ యేట 12,400 రూపాయలకు 2,976 రూపాయలగును. ‘ఏడాది నిండినదా? నిండినచో వడ్డీని అసలులో గలుపుము. లేనిచో గలుపకుము’ అని స్పష్టముగా వ్రాసియిచ్చినచో యంత్రము వేయిమంది లెక్కలను క్షణములో దేల్చును. వ్రాతలో నొక్క షరతు తప్పినచో ఆ వేయిమంది లెక్కలును తప్పును. కనుక ఈ విద్యకు ముఖ్యమైనది వ్రేళ్ల వేగము గాదు, ఆలోచనలోని క్రమము.

ఇట్టి యాజ్ఞలు వ్రాయుటకు ననేక భాషలు గలవు. వానిలో పైథాను అనునది ప్రారంభకులకు సులభమైనది. నెదర్లాండ్సు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ దీనిని సృష్టించి 1991లో మొదటిసారి లోకమునకు విడుదల చేసెను. దీని పేరు కొండచిలువను బట్టి వచ్చినది కాదు. ఆంగ్లదేశపు హాస్యనటుల బృందమొకదాని పేరును బట్టి వచ్చినది. ఈ భాషకు వెల లేదు. సాధారణమైన కంప్యూటరులోను నడచును. దానిని దెచ్చుకొనుటకు గాని, దానితో వ్రాసినదానిని పరులకిచ్చుటకు గాని ఎవరికిని రుసుము చెల్లింపనక్కఱలేదు.

ఇక పనిని నలుగురిలో బెట్టుట యేల? అవధానము చూచినవారు మీలో ననేకు లుందురు. అవధాని తన పాండిత్యమునకు యోగ్యతాపత్రమును జూపడు. సభలో గూర్చుండి పృచ్ఛకుల ప్రశ్నలకు బదులు చెప్పును. వాని విద్య యెంతటిదో సభయే తేల్చును. ప్రోగ్రాముల విద్యలోను నట్టి సభ యొకటి గలదు. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయమున జదువుచున్న లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి, తాను వ్రాయుచున్న యొక ప్రోగ్రామును దాచుకొనక లోకుల ముందుంచెను. ఎవరెవరో దూరదేశములవారు దానిలోని లోపములను జూపిరి, దిద్దిరి, పెంచిరి. అదియే లినక్సు. నేడు లోకమునందలి పెద్ద కంప్యూటరులనేకము దానితో నడచుచున్నవి. మన చేతి ఫోనులలో నధికభాగమునకు మూలమైన ఆండ్రాయిడునకును ఆధారమదియే.

ఈ సభ నడచు పద్ధతి మన తాళపత్రముల కథను దలపించును. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర ఊరూరి తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులను నియమించి, ప్రతికి ప్రతిని సరిచూపించి, పాఠములను పరిష్కరింపజేసెను. ప్రోగ్రాములకును నట్టి భాండారములు గలవు. విద్యార్థి యొకడు భాండారమునుండి ప్రతిని దీసికొని, అందొక తప్పును దిద్ది, ‘ఈ సవరణమును స్వీకరింపుడు’ అని పెద్దలకు బంపును. వారు పరిశీలించి, ‘ఇచ్చట నీ తర్కము తప్పినది, మరల వ్రాయుము’ అందురు. మరల వ్రాసి పంపును. బాగున్నచో మూలప్రతిలో గలుపుదురు. ఏ పంక్తి నెవరు ఏనాడు వ్రాసిరో గిట్ అను సాధనము భద్రపఱచును; దానిని 2005లో ఆ టోర్వాల్డ్సే నిర్మించెను. మారుమూల పల్లెలోని బాలిక యొక పంక్తి దిద్దినను ఆమె పేరట్లే నిలుచును. ఆమె తండ్రి యెవరని గాని, ఏ కళాశాలలో జదివినదని గాని అచ్చట నడుగువారు లేరు. సిఫారసు చేయువారు లేని బిడ్డలకు నిది గొప్ప మేలు.

ఇప్పుడు అవకాశముల మాట. 2005లో గూగుల్ సంస్థ ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ అను నొక పద్ధతిని ప్రారంభించెను. స్వేచ్ఛగా బంచిపెట్టు ప్రోగ్రాములను నిర్మించు సంఘములు తమకు గావలసిన పనులను ప్రకటించును. అభ్యర్థి యొక పనిని ఎన్నుకొని, దానినెట్లు చేయునో వ్రాసి పంపవలయును. ఎన్నికైనచో అనుభవజ్ఞుడైన గురువొకడు దారి చూపును. పని ముగిసినకొలది వేతనము ముట్టును. మొదట నిది విద్యార్థులకు మాత్రమే యుండెను. 2022 నుండి 18 ఏండ్లు నిండి ఈ మార్గమునకు గ్రొత్తవారగు ఇతరులకును దెఱవబడినది. ఇల్లు విడువనక్కఱలేదు.

ఔట్రీచీ అనునది మఱియొకటి. గ్నోమ్ అను ప్రోగ్రాము నిర్మించు సంఘమువారు 2006లో స్త్రీలకొఱకు జేసిన ప్రయత్నమునుండి యిది పుట్టినది. ఈ రంగమున వెనుకబడియున్న వారికి మూడునెలల పనిని వేతనముతో నిచ్చును. ఎన్నికకు ముందే అభ్యర్థి చిన్న పనులు చేసి చూపవలయును. ఆడుబిడ్డను దూరమునకు బంపుటకు సందేహించు తల్లిదండ్రులు దీనిని గమనింపవలయును. పని యంతయు నింటనుండియే చేయవచ్చును.

మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి.లో ఫాసీ అను ప్రయత్నము గలదు. పాఠ్యగ్రంథములలో సాధించి చూపిన లెక్కలను స్వేచ్ఛా ప్రోగ్రాములలో మరల వ్రాసి యిచ్చిన విద్యార్థులకు వారు పారితోషికము నిచ్చు పద్ధతి నేర్పఱచిరి. ఆ పనిని అందఱి యుపయోగమునకై ప్రకటింతురు. అచ్చటనే పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగుతో సహా భారతీయభాషలలో దొరకును. ఆంగ్లము రాని పిల్లవాడును వినుచు నేర్చుకొనవచ్చును. పైథాను నేర్చినవారి మహాసభ మన దేశమున 2009లో బెంగుళూరున మొదలైనది. 2018లోను 2023లోను హైదరాబాదున జరిగినది. విద్యార్థులును తమ పనిని గూర్చి యచ్చట బ్రసంగించుటకు గోరవచ్చును.

పెద్దలారా, ఇందు మనకేమి పని యని తలపకుడు. మన తోడ్పాటు లేక సాగని పని యొకటి గలదు. ‘స్త్రీ’ అను నక్షరము మనకొక్కటియే. యూనికోడు అను ప్రపంచలిపుల పట్టికలో నది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అని యాఱు గుర్తులు. ఈ మాట పొడవెంతయని పైథాను నడిగినచో ‘6’ అని చెప్పును! మా వీధి కుఱ్ఱవాడొకడు పద్యపాదమున గురులఘువులను గుర్తించు ప్రోగ్రామును వ్రాయబూని, యీ చిక్కుతో నాకడకు వచ్చెను. సంయుక్తాక్షరము ముందరి లఘువును గురువును జేయుననియు, అది వేఱొక పదము మొదట నున్నపుడు విచారింపవలసిన దున్నదనియు నేను జెప్పితిని. అతడు దానిని యాజ్ఞలుగా మార్చెను. నాకు యంత్రము రాదు. అతనికి ఛందస్సు రాదు. ఇరువురము గలిసిన పని సాగినది. తెలుగున ఇట్టి పనులెన్నియో మిగిలియున్నవి. అకారాదిక్రమము, సంధివిభాగము, పాత గ్రంథముల అక్షరములను యంత్రముచే జదివించుట మొదలగు వానిలో ఫిన్లాండు విద్యార్థికి లేని యధికారము మన విద్యార్థికి గలదు.

అయితే జాగ్రత్తలును గలవు. ఏటేట అక్టోబరు మాసమున జరుగు హాక్టోబర్‌ఫెస్ట్ అను నుత్సవమున నాలుగు సవరణలు పంపినవారికి చొక్కా బహుమతిగా నిచ్చుచుండిరి. 2020లో దానికాశించి అనేకులు ఒక మాట చేర్చియు, ఒక చుక్క మార్చియు వ్యర్థములైన సవరణలు గుప్పించిరి. భాండారముల పెద్దలు విసిగిరి. ఉత్సవము నడచుచుండగనే నియమములు మార్చి, ఇష్టపడిన భాండారములకే ఆ యుత్సవమును బరిమితము చేయవలసివచ్చెను. సభలో బెట్టిన పని పేరుతోబాటు నిలుచును. చెడ్డపనియు నట్లే నిలుచును. పరుల వ్రాతను దనదిగా జూపరాదు. ప్రతి భాండారమునకు నొక యనుమతిపత్ర ముండును. దానిని జదివి, అందలి షరతులను బాటింపవలయును. నేడు యంత్రములే ప్రోగ్రాములను వ్రాసి యిచ్చుచున్నవి. వానిని వాడుకొనవచ్చును గాని, పృచ్ఛకు డడిగినపుడు ప్రతి పంక్తికిని సమాధానము చెప్పలేనివాడు దానిని దన పనియని చెప్పుకొనరాదు.

మఱియొక మాట. నేను జెప్పిన సమ్మర్ ఆఫ్ కోడునకు గాని ఔట్రీచీకి గాని ప్రవేశరుసుము లేదు. ‘ఇంత సొమ్మిచ్చినచో స్థాన మిప్పించెద’ ననువాడు మోసగాడని యెఱుగుడు. లేని యనుభవమునకు పత్రము సృష్టించి యిచ్చెదమనువారిని గడప దొక్కనీయకుడు. పట్టణపు శిక్షణాలయమునకు బంపదలచినను, ముందు పిల్లవానిని ‘నీవు చేసిన పని యేది? నలుగురు చూచినదేది?’ అని యడుగుడు. ఏమియు లేనిచో, పొలము తాకట్టు పెట్టక ముందు నాఱుమాసములు ఇంటనే నేర్చి యొక చిన్నపని చేసి చూపుమనుడు.

గ్రంథాలయమున గాని పాఠశాలలో గాని సాయంకాలము రెండుగంటలు కంప్యూటరును, అంతర్జాలమును అందుబాటున నుంచుట పంచాయతీకి మోయలేని భారము గాదు. అచ్చట ఆడుపిల్లలకును సమాన స్థానముండునట్లు చూచుట మీ బాధ్యత. వారము కొకనాడు ఆ పిల్లలను బిలిచి, చేసినదానిని దెలుగున జెప్పుమనుడు. మీకర్థమగునట్లు చెప్పగలిగినవానికి విషయ మర్థమైనదన్నమాట. మీరు పృచ్ఛకులై కూర్చుండుడు. పిల్లలు జంకు విడిచి, పని చూపి, తప్పు దిద్దుకొని, విశాలమైన సభలో నిలువగలరు. సెలవు.