దేవుని నమ్మడం వేరు, దేవుని శోధించడం వేరు

ఉజ్జీవ కూటాల్లో చెయ్యెత్తి, ఇకమీదట తాగనని ప్రభువు సన్నిధిలో తీర్మానం చేసుకొని ఇంటికి వెళ్లిన సహోదరుడు మూడో రోజున వణికిపోతూ, లేనివి కనబడుతున్నాయని కేకలు వేస్తాడు. ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకుంటారు. కొందరు రాత్రంతా చుట్టూ కూర్చుని ప్రార్థించి, ఫిట్స్ వచ్చాక గాని ఆసుపత్రికి తీసుకురారు.

ఇది దయ్యం కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు ఆ మత్తును తట్టుకోవడానికి తన వేగాన్ని పెంచుకొని ఉంటుంది. తాగుడు ఒక్కసారిగా ఆగితే ఆ వేగానికి కళ్లెం ఉండదు. చివరిసారి తాగిన 6 నుండి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. 2 నుండి 4 రోజుల మధ్య కొద్దిమందికి మతి తప్పుతుంది, ఒంటిమీద పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో అయితే మాత్రల మోతాదు రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఈ దశ దాటిస్తారు. బి1 విటమిను ఇంజెక్షను కూడా ఇస్తారు. నీరసంగా ఉన్నాడని ఊళ్లో బి1 లేకుండా ఉత్త గ్లూకోజు ఎక్కించడం మెదడుకే ప్రమాదం.

విశ్వాసం ఉన్నవాడికి ఆసుపత్రి ఎందుకని అడిగే పెద్దలు ఉన్నారు. వారు మత్తయి 4వ అధ్యాయం మరోసారి చదవాలి. సాతాను మన ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు పట్టుకుంటారు దూకమన్నాడు. దానికి 91వ కీర్తననే ఎత్తి చూపాడు! ప్రభువు దూకలేదు. దేవుని శోధించకూడదన్న ద్వితీయోపదేశకాండము 6:16 ఆయన జవాబు. దిగడానికి మెట్లు ఉండగా దూకడం విశ్వాసం కాదు.

ఒంట్లోని వణుకు పది రోజుల్లో తగ్గుతుంది గాని లోపలి ఆశ అంత త్వరగా పోదు. శోధనకు మూలం బ్రాందీ షాపులో కాదు, మనిషి లోపలి కోరికలోనే ఉందని యాకోబు తన పత్రిక 1:14లో రాశాడు. అయితే నోరూరడమే పాపం కాదు. ప్రభువు కూడా శోధింపబడ్డాడు, పాపం చేయలేదు (హెబ్రీ 4:15). ఈ సంగతి మన సంఘాల్లో గట్టిగా చెప్పడం లేదు. మళ్లీ తాగాలనిపించింది గనుక నా మారుమనస్సే అబద్ధమని కుమిలి, ఆ దిగులుతోనే మళ్లీ సీసా పట్టుకునేవారు ఉన్నారు.

ఆ కోరిక అల వంటిది. చాలాసార్లు అరగంటలోపే తగ్గిపోతుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, కూలి డబ్బు చేతికొచ్చిన సాయంత్రం, ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడు అది ఎక్కువగా లేస్తుంది. ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకొని పడుకున్నప్పుడు దేవుడు ముందుగా పంపింది ప్రసంగం కాదు, రొట్టె, నీళ్లు, నిద్ర (1 రాజులు 19). కాబట్టి ప్రార్థన చేయండి, వేళకు అన్నం కూడా తినండి. యోసేపు ఆ చివరి రోజున పోతీఫరు భార్యతో వాదించడానికి నిలబడలేదు, వస్త్రం వదిలి పారిపోయాడు. షాపు ముందునుంచి పోయే దారి మార్చుకోవడం కూడా అటువంటిదే. కూలి డబ్బు ఇంటావిడ చేతిలో పెట్టించడం కూడా.

ఒంటరిగా పోరాడవద్దు. 1935లో అమెరికాలోని అక్రాన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు, వారిలో ఒకరు డాక్టరే, ఒకరికొకరు తమ గోడు చెప్పుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. హైదరాబాదులోనూ ఆ కూడికలు ఉన్నాయి. యాకోబు 5:16 కూడా ఒకరితో ఒకరు ఒప్పుకోమనే చెబుతుంది. కోరిక లేచిన ఆ అరగంటలో ఫోను చేయడానికి సంఘంలో ఒక సహోదరుడు ఉంటే చాలు.

అక్కలారా, ఒక మాట. తాగుడు మాన్పించే మాత్రలను ఆయనకు తెలియకుండా కూరలో కలపకండి. వాటి మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు.

మానాలని తీర్మానించుకున్న రోజునే ఆసుపత్రికి రండి. ఎంత తాగేవారో, చివరిసారి ఎప్పుడు తాగారో, ఇదివరకు ఫిట్స్ వచ్చాయో లేదో డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. పాస్టరుగారిని వెంటబెట్టుకొని వచ్చినా మంచిదే.