కోడినే అడిగి చూశారు

బోనులో కోడి కాళ్ల కింద ఎలాంటి తీగ ఉండాలి? 1965లో బ్రిటన్ ప్రభుత్వం వేసిన ఒక కమిటీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. అంతకు ముందు ఏడాదే రూత్ హారిసన్ ‘యానిమల్ మెషీన్స్’ అనే పుస్తకం రాసి, ఆధునిక ఫారాల్లో కోళ్లు, దూడలు ఎలా బతుకుతున్నాయో కళ్లకు కట్టారు. ప్రజలు కలవరపడ్డారు. ప్రొఫెసర్ రోజర్స్ బ్రాంబెల్ అధ్యక్షతన ఏర్పడిన ఆ కమిటీ, సన్నని తీగతో అల్లిన వల బోనుల అడుగున వద్దని, అది కోడి పాదాలకు మంచిది కాదని తేల్చింది. వినడానికి సబబుగానే ఉంది. 1973లో హ్యూస్, బ్లాక్ అనే శాస్త్రవేత్తలు ఆ సంగతి కోడినే అడిగారు. రకరకాల అడుగులు అమర్చి, ఎక్కడ నిలబడాలో కోళ్ల ఇష్టానికి వదిలేశారు. అవి కోరుకున్నది కమిటీ వద్దన్న సన్న వలనే! పాదానికి అది ఎక్కువ చోట్ల ఆసరా ఇస్తుంది మరి.

జాలి ఒక్కటే చాలదని ఆనాడు తెలిసింది. సుఖమో బాధో అనుభవించేది జంతువు గనక, దాన్ని అడిగే పద్ధతి కనిపెట్టాలి. జంతు సంక్షేమ ప్రమాణాల వెనక ఉన్న శాస్త్రమంతా ఆ అడగడమే.

పల్లెలో కోళ్లను సాకినవాళ్లకు ఒక దృశ్యం బాగా గుర్తుంటుంది. గుడ్డుకొచ్చిన పెట్ట ఒకచోట నిలవదు. గంప కిందా, గడ్డివామి పక్కనా, బస్తాల సందునా చీకటి మూల వెతుక్కుంటుంది. గుడ్ల కోసం బోనులో పెంచే లేయర్ కోడిలోనూ ఆ తహతహ చావలేదు. గూడు లేకపోతే గుడ్డు పెట్టేముందు అటూ ఇటూ అదేపనిగా తిరుగుతుంది. గూటికి ముందు బరువైన తలుపు పెట్టి చూస్తే, గుడ్డు వేళ దగ్గరపడేకొద్దీ ఆ బరువును తోసుకుని మరీ లోపలికి వెళ్తుంది. దానికి గూడు విలాసం కాదు, అవసరం.

చోటు సంగతీ అలాగే కొలిచారు. 1989లో మరియన్ డాకిన్స్, హార్డీ కోళ్లను పైనుంచి ఫొటోలు తీసి లెక్కగట్టారు. ఊరికే నిలబడటానికి ఒక కోడికి సుమారు 475 చదరపు సెంటీమీటర్లు కావాలి. వెనక్కి తిరగడానికి 1,270 దాకా, రెక్కలు టపటపలాడించడానికి 1,870 పైచిలుకు. మనం రాసుకునే ఏ4 కాగితం వైశాల్యం 624. ఐరోపాలో పాత బోను కోడికిచ్చింది 550. అంటే కాగితమంత కూడా కాదు. పక్క కోళ్ల చోటు కొంత కలిసొచ్చినా రెక్క చాపే వీలుండదు.

ఐరోపా యూనియన్ 1999లో చట్టం చేసి, 2012 జనవరి 1 నుంచి ఆ పాత బోనుల్ని నిషేధించింది. కొత్త బోనులో కోడికి 750 చదరపు సెంటీమీటర్లు, గుడ్డు పెట్టే గూడు, కూర్చోవడానికి దండె, గీరుకోవడానికి కాస్త పొట్టు ఉండాలి. 2004 నుంచి అక్కడ గుడ్డు పెంకు మీద ఒక అంకె ముద్రిస్తున్నారు. 0 అంటే సేంద్రియం, 1 ఆరుబయట తిరిగిన కోడి, 2 షెడ్డులో బోను లేకుండా పెరిగింది, 3 బోనుది. గుడ్డు పగలగొట్టి చూసినా కోడి బతుకు కనిపించదు. ఆ ముద్ర ఉంటేనే కొనేవాడికి తేడా తెలుస్తుంది, కోడికి చోటిచ్చిన రైతుకు నాలుగు పైసలు ఎక్కువొస్తాయి. ముద్ర లేని బజారులో అందరి గుడ్డుకూ ఒకటే ధర, మంచిగా పెంచినవాడికే నష్టం.

అయితే బోను తీసేస్తే కోడి సుఖపడినట్టేనా? ఇక్కడే ప్రమాణాలు రాసేవాళ్లు తడబడ్డారు. ఆరుబయటికి తలుపు తెరిచినా చాలా కోళ్లు దూరం పోవు. గద్ద భయం వాటి నెత్తుటిలో ఉంది. చెట్ల నీడ ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. అంతస్తుల షెడ్లలో ఎగరబోయి పడి రొమ్ము ఎముక విరగ్గొట్టుకుంటాయి. మంద పెద్దదైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. అందుకే కొలత మార్చారు. షెడ్డు పొడవు వెడల్పులే కాక కోడి ఒంటినీ చూడాలన్నారు. బ్రిటన్‌లో ఆర్‌ఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ 1994లో ‘ఫ్రీడమ్ ఫుడ్’ పేరుతో ముద్ర ప్రారంభించింది, 2015లో దాని పేరు మారింది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం, సేంద్రియ సాగు సంస్థ సాయిల్ అసోసియేషన్‌లతో కలిసి ఆర్‌ఎస్‌పీసీఏ తెచ్చిన పద్ధతిలో తనిఖీకి వచ్చినవాళ్లు మందలోకి దిగి కోళ్ల మెడ, వీపు చూసి ఈకలు ఎంత ఊడాయో మార్కులు వేస్తారు. నా ఉద్దేశంలో ముద్రకు నిజమైన విలువ తెచ్చింది ఈ మార్పే. షెడ్డు కొలతలు కాగితం మీద ఎన్నైనా సర్దొచ్చు, ఊడిన ఈకను దాచలేరు. తనిఖీ సడలితే ఏ ముద్రా నిలవదు. 2024లో జంతు హక్కుల కార్యకర్తలు రహస్యంగా తీసిన దృశ్యాలు బయటికొచ్చాక, ఆర్‌ఎస్‌పీసీఏయే తన ముద్ర ఉన్న ఫారాలను తిరిగి పరిశీలించుకోవాల్సి వచ్చింది.

మన సంగతి చూద్దాం. 2022–23 కేంద్ర లెక్కల ప్రకారం దేశపు గుడ్లలో ఆంధ్రప్రదేశ్ వాటా 20 శాతం పైమాటే, మొదటి స్థానం. తెలంగాణది సుమారు 13. దేశంలో ప్రతి మూడు గుడ్లలో ఒకటి తెలుగు నేలదన్నమాట. జంతువు కదలడానికి తగినంత చోటులేని బోనులో ఉంచడం నేరమని 1960 నాటి చట్టం చెబుతోంది. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను కోళ్ల బతుకు మీదే ఇచ్చింది. 2019లో కేంద్రం ముసాయిదా నియమాలు రాసి కోడికి 550 చదరపు సెంటీమీటర్లు ప్రతిపాదించింది. ఐరోపా చాలదని వదిలేసిన కొలత అది.

ఇక్కడ కొనేవాళ్లకు మాత్రం దారి చూపేది పెద్దగా ఏదీ లేదు. పెంకు గోధుమ రంగులో ఉంటే మంచి గుడ్డని చాలామంది నమ్ముతారు. ఆ రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, బోనులోని కోడీ గోధుమ గుడ్డు పెడుతుంది. అట్టపెట్టె మీద పచ్చిక బయలు బొమ్మ చూసీ మోసపోకండి. ఈసారి గుడ్లు కొనేటప్పుడు ‘బోనులో కోడా, బయట తిరిగినదా, ఎవరు తనిఖీ చేశారు?’ అని అడగండి. జవాబు దొరకకపోయినా అడగడం మానకండి.