ముద్ద కలిపేది ఎవరు?

చెన్నైలోని ఐటీసీ గ్రాండ్ చోళా హోటల్లో 'ఆవర్తన' అనే రెస్టారెంటు ఉంది. అక్కడ చారు అన్నంలోకి రాదు. కాఫీ కాచుకునే గాజు ప్రెస్‌లో కొత్తిమీర వేసి, దాని మీద తేట టమాటా చారు పోసి, కాసేపు ఊరనిచ్చి, కాడ ఉన్న గ్లాసులోకి వంపి ఇస్తారు. నాలుగు గుక్కలు, అంతే. పక్కన అప్పడం ఉండదు, మారు వడ్డన ఉండదు. తాగడం అయిపోగానే గ్లాసు తీసేసి ఇంకో పళ్లెం పెడతారు. చారు అంటే ఇష్టపడే తెలుగువాళ్లకు ఇది మొదట కాస్త అన్యాయంగానే అనిపిస్తుంది.

2017లో మొదలైన ఈ రెస్టారెంటులో దక్షిణాది రుచుల్నే ఏడు నుంచి పదమూడు దాకా విడతలుగా వడ్డిస్తారు. ఒక్కో విడతను కోర్సు అంటారు. 2023లో ఆసియా 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో దీనికి 30వ స్థానం దక్కింది. ఇలా చిన్న చిన్న వంటకాలను ఒకదాని తర్వాత ఒకటి, వండేవాళ్లు అనుకున్న వరసలోనే వడ్డించే భోజనాన్ని టేస్టింగ్ మెనూ అంటారు. ఏం తినాలో, ఎంత తినాలో, దేని తర్వాత ఏది తినాలో అన్నీ షెఫ్ చేతిలోనే ఉంటాయి. తినేవాళ్లు చేసేదల్లా మొదట్లోనే 'మాంసం తినం', 'వేరుశనగ పడదు' లాంటివి చెప్పుకోవడం.

అలాగని వరస మనకు కొత్తేమీ కాదు. పప్పూ నెయ్యితో మొదలై, కూర, పచ్చడి, పులుసు, చారు మీదుగా పెరుగన్నంతో ముగిసే విస్తరి భోజనానికీ ఒక క్రమం ఉంది. కానీ విస్తరి ముందు కూర్చున్నాక పెత్తనం తినేవాడిదే. పప్పులో ఆవకాయ ఎంత కలుపుకోవాలి, వేపుడు చారన్నంలో నంజుకోవాలా పెరుగన్నంలోనా అన్నవి ఎవరికి వారే తేల్చుకుంటారు. ఒకే పంక్తిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే భోజనం తిన్నట్టు కాదు. టేస్టింగ్ మెనూలో ఆ కలుపుకునే పని కూడా వంటింట్లోనే అయిపోతుంది. పళ్లెంలో ఉన్న మూడు నాలుగు చుక్కల పచ్చడి అలంకారం కోసం పెట్టింది కాదు. ఆ ముక్కకు అంత పచ్చడి చాలని షెఫ్ ముందే లెక్క కట్టేశాడన్నమాట.

ఫ్రాన్స్‌లోనూ ఒకప్పుడు గొప్పింటి విందుల్లో వంటకాలన్నీ ఒకేసారి బల్ల నిండా పరిచేవారు. చూపులకు బ్రహ్మాండం, నోట్లోకి వచ్చేసరికి సగం చల్లారిపోయేవి. 19వ శతాబ్దంలో రష్యా పద్ధతి వచ్చి, వంటకాలను ఒక్కొక్కటిగా వేడివేడిగా వడ్డించడం మొదలైంది. ఆ మార్పు గురించి చెప్పేటప్పుడు పారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న కురాకిన్ పేరు తలుస్తారు. జపాన్‌లో తేనీటి వేడుక నుంచి పుట్టిన కైసెకి భోజనానిదీ దాదాపు ఇదే దారి.

పళ్లెం అంత పెద్దదై, అందులో కూడు అంత చిన్నదెందుకన్నది అందరూ వేళాకోళం చేసే సంగతి. దానికి కారణం లేకపోలేదు. ఒకే రుచిని వరసగా తింటుంటే ముద్ద ముద్దకూ దాని మీద మోజు తగ్గుతుంది, వేరే రుచి మీద మాత్రం ఆకలి మిగిలే ఉంటుంది. పరిశోధకురాలు బార్బరా రోల్స్ బృందం 1981లో ప్రయోగాలతో చూపించిన విషయం ఇది. పీకలదాకా తిన్నాక కూడా బొబ్బట్టుకు చోటు దొరకడంలోని రహస్యమూ ఇదే. మోజు తగ్గేలోపే పళ్లెం మార్చెయ్యడం టేస్టింగ్ మెనూ ఎత్తుగడ. కాలిఫోర్నియాలోని 'ఫ్రెంచ్ లాండ్రీ' రెస్టారెంటులో తొమ్మిది కోర్సుల్లోనూ ఏ పదార్థమూ రెండోసారి రాకూడదన్న నియమం పెట్టుకున్నారు.

ఈ పద్ధతిని విపరీతం దాకా తీసుకెళ్లింది స్పెయిన్‌లోని 'ఎల్ బుల్లీ'. కాటలోనియా తీరంలో రోసెస్ ఊరి దగ్గర, ఏడాదిలో సగం రోజులే తెరిచే ఆ రెస్టారెంటులో ఫెరాన్ అడ్రియా ఒక్క పూటలో ముప్పైకి పైగా వంటకాలు పెట్టేవాడు. ఆలివ్ కాయలా కనిపించేది నోట్లో పెట్టుకోగానే చిట్లి రసమైపోయేది. కాల్షియం కలిపిన రసాన్ని, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ ద్రావణంలో చెంచాతో జారవిడిస్తే చుట్టూ పలుచని పొర కడుతుంది. కిటుకు అదే.

అక్కడ కొన్నాళ్లు పని నేర్చుకున్న కోల్‌కతా షెఫ్ గగన్ ఆనంద్, 2010లో బ్యాంకాక్‌లో తన పేరుతోనే రెస్టారెంటు పెట్టాడు. పెరుగులో కాల్షియం ఎలాగూ ఉంటుంది కాబట్టి దాన్నే అలాంటి గుండుగా మార్చాడు. చాట్ రుచి అంతా ఒక్క చెంచాలో పేలుతుంది. అతని మెనూ కార్డు మీద అక్షరాలు ఉండవు, పాతిక ఎమోజీ బొమ్మలే. ఒక వంటకానికైతే చెంచా కూడా ఇవ్వడు, పాట పెట్టి పళ్లెం నాకమంటాడు. మన ఇళ్లలో పిల్లలు తిట్లు తినే పనిని అక్కడ పెద్దలు వేలు పోసి చేశారు. అతని రెస్టారెంటు 2015 నుంచి 2018 దాకా వరసగా నాలుగేళ్లు ఆసియా 50 జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. 2019లో దాన్ని మూసేసి, అదే నగరంలో కొత్తది తెరిచి, 2025లో మళ్లీ ఆ స్థానం అందుకున్నాడు.

అదే 2025లో దుబాయ్‌లోని 'ట్రెసిండ్ స్టూడియో'కు మూడు మిషెలిన్ స్టార్లు వచ్చాయి. భారతీయ వంటకాలు వడ్డించే రెస్టారెంటుకు మూడు స్టార్లు రావడం ప్రపంచంలో అదే మొదటిసారి. షెఫ్ హిమాన్షు సైనీ. కుర్చీలు ఇరవైకి మించవు.

ఆ ఇరవై కుర్చీల దగ్గరే డబ్బు లెక్క మొదలవుతుంది. మామూలు హోటల్లో ఒక టేబుల్ మీద పూటకు నాలుగైదు బ్యాచ్‌లు తిని లేస్తాయి. టేస్టింగ్ మెనూకు ఒక్కో బ్యాచ్ రెండున్నర, మూడు గంటలు కూర్చుంటుంది. వంటవాళ్ల సంఖ్య మాత్రం తినేవాళ్లతో పోటీ పడుతుంది. ఎల్ బుల్లీలో నలభై మందికి పైగా షెఫ్‌లు ఉండేవారు. సీజనుకు 8,000 మందికే చోటు, అడిగేవాళ్లు ఇరవై లక్షలని చెప్పేవారు. అంత గిరాకీ ఉన్నా భోజనం మీద నష్టమే, పుస్తకాలూ ఉపన్యాసాల ఆదాయమే దాన్ని నిలబెట్టింది. 2011 జూలై 30న మూసేశారు. కోపెన్‌హాగన్‌లోని 'నోమా' రెస్టారెంటు చాలాకాలం జీతం లేని ఇంటర్న్‌ల చేత పని చేయించుకుంది. 2022లో వాళ్లకు జీతం ఇవ్వడం మొదలుపెట్టిన కొద్ది నెలలకే, ఈ తరహా వ్యాపారం ఇక నిలవదని దాని షెఫ్ రెనే రెడ్‌జెపీ ప్రకటించాడు. ముచ్చటైన పళ్లెం వెనక ఈ సంగతీ ఉంది. పట్టకారుతో ఆకులు పేర్చే చేతులకు ఏం ముడుతోందని అడగడం తప్పేమీ కాదు.

కడుపు నిండదేమోనన్న భయం మాత్రం చాలావరకు అనవసరం. పదో కోర్సు వచ్చేసరికి మధ్యాహ్నం తిన్న టిఫిన్ గుర్తొచ్చి బాధపడేవాళ్లే ఎక్కువ. నిజంగా లోటనిపించేది ఇంకొకటి. బాగున్నదాన్ని ఇంకాస్త వెయ్యమని అడగడానికి ఉండదు, వేళ్లతో కలుపుకోవడానికి అన్నమూ ఉండదు. వేడుకకు ఒకసారి వెళ్లి రావలసిన చోటే. నెలనెలా వెళ్లాలనిపిస్తే మాత్రం ఆశ్చర్యమే.

వెళ్లేవాళ్లు పడని పదార్థాల సంగతి బుకింగ్ అప్పుడే చెప్పాలి. టేబుల్ దగ్గర చెబితే మార్చడం కష్టం. గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లయితే బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అది తప్పదు. సర్వీస్ ఛార్జి మాత్రం తప్పనిసరి కాదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో తేల్చింది. బిల్లులో కనిపిస్తే తీసెయ్యమని అడగవచ్చు.