సంతకానికి ముందే షరతులు చదవాలి
పరిశోధన నిధుల ఒప్పందాల్లో ఏముంటుంది? ఆవిష్కర్తలు గమనించాల్సిందేమిటి?

నల్గొండ, మహబూబ్‌నగర్: ఆసు పోయడమంటే ఏమిటో ఉమ్మడి నల్గొండ జిల్లాలోని చేనేత ఇళ్లకు చెప్పనవసరం లేదు. పోచంపల్లి చీర నూలుకు రంగులద్దక ముందు దానిని అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ చేత్తో పోయాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ కదలాలి. ఈ పనితో తల్లి లక్ష్మి పడుతున్న భుజాల నొప్పిని చూడలేక ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1992లో యంత్రం తయారీకి పూనుకొన్నారు. అప్పుల బాధనూ, ఇరుగుపొరుగు హేళననూ తట్టుకొని 1999 నాటికి దానిని పూర్తి చేశారు. తల్లి పేరిట దానికి ‘లక్ష్మి ఆసు యంత్రం’ అని పేరు పెట్టారు. 2017లో కేంద్ర ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది.

ఆ ఏడేళ్లలో ఆయనకు అండగా పరిశోధన నిధి ఏదీ లేదు. కాబట్టి ఒప్పంద పత్రం చదవాల్సిన అవసరమూ రాలేదు. నేడు పరిస్థితి మారింది. నమూనా తయారీకి కేంద్ర ప్రభుత్వ ‘ప్రయాస్’ పథకం కింద రూ.10 లక్షల వరకు, జీవసాంకేతిక రంగంలో ‘బైరాక్’ ద్వారా రూ.50 లక్షల వరకు సాయం అందే అవకాశముంది. నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం అధ్యాపకులు కూడా ఇలాంటి నిధులకు దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే డబ్బు వెంట పత్రం వస్తుంది. అందులోని షరతులే రేపు ఆ ఆవిష్కరణ ఎవరిదో, దానిపై వచ్చే రాబడి ఎవరికి చెందుతుందో తేలుస్తాయి.

ఒప్పందం విలువ నడిగడ్డ రైతులకు కొత్తగా చెప్పేది కాదు. గద్వాల ప్రాంతంలో కంపెనీల కోసం పత్తి విత్తనం పండించే రైతుకు పంట చేతికొచ్చినంత మాత్రాన లెక్క తేలదు. విత్తనం పరీక్షలో నెగ్గాలి. ఆ పరీక్ష ఎవరు చేస్తారు, విఫలమైతే నష్టం ఎవరిది అన్నదే అక్కడ కీలకం. పరిశోధన నిధుల ఒప్పందంలోనూ అడగాల్సినవి ఇవే ప్రశ్నలు.

గ్రాంటా, అప్పా, వాటానా?

మొదట తేల్చుకోవాల్సింది డబ్బు స్వభావం. గ్రాంటు అయితే నిర్దేశిత పనికి ఖర్చు చేసి లెక్క చూపితే చాలు, తిరిగి కట్టనక్కర్లేదు. అప్పు అయితే పరిశోధన ఫలించకపోయినా బాకీ మిగులుతుంది. వాటా రూపంలో పెట్టుబడి పెట్టిన వారు సంస్థ యాజమాన్యంలో భాగస్వాములవుతారు.

గ్రామీణ ఆవిష్కర్తల కోసం నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ 2003లో సిడ్బీ తోడ్పాటుతో ఒక నిధిని ఏర్పాటు చేసింది. పూచీకత్తు గానీ హామీదారు గానీ లేకుండా ఆవిష్కర్త ఒక్కరి సంతకంపైనే పెట్టుబడి సమకూర్చడం దీని ప్రత్యేకత. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రూ.లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల పథకం వేరే తరహాది. ప్రైవేటు రంగానికి ఉద్దేశించిన ఆ పథకంలో ప్రధానంగా తక్కువ వడ్డీకి లేదా వడ్డీ లేకుండా దీర్ఘకాలిక రుణాలు, కొన్ని సందర్భాల్లో వాటా పెట్టుబడులు ఉంటాయి. ‘నిధులు మంజూరయ్యాయి’ అన్న మాట విన్నంతనే ఉచితమనుకోరాదు.

విడతలు, గడువులు

నిధులు సాధారణంగా ఒకేసారి రావు. ఒక దశ ముగిసి నివేదిక అందాకే తదుపరి విడత విడుదలవుతుంది. కాబట్టి ప్రతి దశలో చూపాల్సిన ఫలితాన్ని కొలవగలిగేలా రాయించుకోవాలి. ‘సంతృప్తికరమైన ప్రగతి’ అని మాత్రమే ఉంటే, సంతృప్తి చెందాల్సింది డబ్బు ఇచ్చేవారే అవుతారు. ‘గంటకు ఇన్ని లీటర్ల నీటిని శుద్ధి చేయాలి’ అని ఉంటే వివాదానికి తావు తగ్గుతుంది.

పరిశోధన విఫలమయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. చిత్తశుద్ధితో ప్రయత్నించడం వరకే బాధ్యతా, లేక ఫలితానికి కూడా హామీ ఇస్తున్నారా అన్నది స్పష్టంగా ఉండాలి. ఫలితానికి హామీ ఇచ్చి, అది రాకుంటే డబ్బు వడ్డీతో సహా తిరిగి చెల్లించాలన్న షరతు ఉంటే పేద ఆవిష్కర్త ఇల్లు గుల్లవుతుంది.

పైసాకూ లెక్క

కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి వర్తిస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. గ్రాంటు సొమ్ము బ్యాంకులో ఉండగా వచ్చిన వడ్డీని సైతం ప్రభుత్వానికి జమ చేయాలి. గ్రాంటుతో కొన్న యంత్రాలను ముందస్తు అనుమతి లేకుండా అమ్మరాదు. ఒక పద్దు కింద ఇచ్చిన డబ్బును మరో పద్దుకు మళ్లించాలన్నా ఒప్పందం అనుమతించాలి. పని బాగా చేసి కూడా బిల్లులు భద్రపరచనివారు చిక్కుల్లో పడతారు. అందుకే తొలిరోజు నుంచే విడి ఖాతా, విడి దస్త్రం ఉండాలి.

హక్కులు ఎవరివి?

అన్నిటికంటే విలువైన షరతు ఇదే. పేటెంటు చట్టం ప్రకారం తొలి నిజ ఆవిష్కర్తకు గానీ, ఆయన నుంచి హక్కు పొందిన వారికి గానీ దరఖాస్తు చేసే అర్హత ఉంటుంది. పేటెంటు హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. అంటే నోటిమాటతో హక్కు పోదు, సంతకంతో పోతుంది. ‘ఈ పనిలో వెలువడే సమస్త హక్కులు నిధి ఇచ్చిన వారికే చెందుతాయి’ అన్న ఒక్క వాక్యం 20 ఏళ్ల పేటెంటు రాబడిని చేజార్చగలదు. గతంలో సొంతంగా కనిపెట్టిన వాటిని విడిగా జాబితా రాసి, అవి ఒప్పందం పరిధిలోకి రావని చేర్పించుకోవడం మేలు.

విశ్వవిద్యాలయాల్లో లెక్క వేరు. కేంద్ర శాస్త్ర సాంకేతిక మంత్రిత్వ శాఖ 2000 మార్చిలో జారీ చేసిన మార్గదర్శకాలు, తమ నిధులతో జరిగిన పరిశోధన హక్కులను ఆతిథ్య సంస్థకే వదిలాయి. వాస్తవ రాబడిలో ఆవిష్కర్తల వాటా మూడో వంతుకు మించరాదన్నాయి. ప్రభుత్వ అవసరాలకు రాయల్టీ చెల్లించకుండా వాడుకునే హక్కును ప్రభుత్వానికి ఉంచాయి. నిధి ఇచ్చే ప్రతి సంస్థకూ సొంత నిబంధనలుంటాయి కనుక తాజా పత్రాన్ని చూసుకోవాలి.

ప్రభుత్వం ఉచిత వాడకపు హక్కు ఉంచుకోవడం అన్యాయమేమీ కాదు. ఫ్లోరైడ్ పీడ ఎరిగిన నల్గొండకు దాని విలువ తెలుసు. నాగపూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970వ దశకంలో రూపొందించారు. అది ‘నల్గొండ టెక్నిక్’ పేరుతో ఆఫ్రికాలోని టాంజానియా, కెన్యా వరకు వెళ్లింది. ప్రజల సొమ్ముతో పుట్టిన జ్ఞానం ప్రజలకు అందాలి. అదే సమయంలో కష్టపడిన వ్యక్తికి తగిన వాటా దక్కాలి. ఈ రెంటి మధ్య గీత గీసేది ఒప్పంద పత్రమే.

ప్రచారానికి ముందు దరఖాస్తు

కొత్త యంత్రం తయారవగానే ప్రదర్శనలో పెట్టాలని, పత్రికలో ఫొటో రావాలని ఎవరికైనా ఉంటుంది. కానీ కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప, దరఖాస్తుకు ముందే బహిర్గతమైన ఆవిష్కరణకు పేటెంటు దక్కదు. ముందుగా తాత్కాలిక దరఖాస్తు వేసి, 12 నెలల్లోగా పూర్తి వివరాలు సమర్పించే వెసులుబాటు చట్టంలోనే ఉంది. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసేందుకు ప్రాథమిక రుసుము రూ.1,600. తెలంగాణ చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తుంది. నిధి కోసం వివరాలు చెప్పాల్సి వస్తే ముందుగా గోప్యతా పత్రం రాయించుకోవాలి. అధ్యాపకులైతే ఫలితాలు ప్రచురించేందుకు ఎంతకాలం ఆగాలో షరతులో చూసుకోవాలి.

తగాదా వస్తే?

చివరి పేజీలో ఉండే వివాదాల నిబంధనను చాలామంది చదవరు. మధ్యవర్తిని ఎవరు నియమిస్తారు, ఏ ఊరి న్యాయస్థానానికి వెళ్లాలి అన్నది అందులోనే ఉంటుంది. ఢిల్లీలోనో ముంబయిలోనో తేల్చుకోవాలంటే నాగర్‌కర్నూల్ మెకానిక్‌కు, పుట్టపాక నేతన్నకు న్యాయం అందని ద్రాక్షే.

పత్రం ఆంగ్లంలో ఉంటే తెలుగులో పూర్తిగా చెప్పించుకున్నాకే సంతకం చేయాలి. ప్రతి పేజీ నకలు దగ్గర ఉంచుకోవాలి. న్యాయవాదికి చెల్లించే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సాయం లభిస్తుంది. యంత్రం చేయడానికి ఏళ్లు వెచ్చించిన వారు దాని పత్రం చదవడానికి ఒక్కరోజు కేటాయించడం కష్టమేమీ కాదు.