డెస్క్‌టాప్: అసెంబుల్ చేయించుకోవాలా, రెడీమేడ్ కొనాలా?

"అన్నా, 60 వేలు ఉన్నాయి. బ్రాండెడ్ కొననా, అసెంబుల్ చేయించుకోనా?" బీటెక్ చదివే జూనియర్లు, కజిన్స్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే కంప్యూటర్ డబ్బా విప్పి చూసే ఉంటాడని అందరి నమ్మకం. నిజానికి కోడ్ రాయడానికీ స్క్రూలు బిగించడానికీ ఏ సంబంధమూ లేదు. నాకు మాత్రం ఆ పిచ్చి ఉంది. ఫ్రెండ్స్‌కి కొన్ని సిస్టమ్‌లు నా చేతులతో బిగించి ఇచ్చాను, ఇంట్లో పెద్దవాళ్లకి రెడీమేడ్‌వే దగ్గరుండి కొనిపెట్టాను.

రెండూ చేశాక నాకు అర్థమైంది ఒకటే. స్క్రూడ్రైవర్ ఎవరు పట్టుకున్నారన్నది పెద్ద విషయం కాదు. లోపల ఏ పార్ట్ ఉండాలో ఎవరు నిర్ణయించారు? రేపు పాడైతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే మిగతాదంతా తేలిపోతుంది.

అసలు విడి పార్ట్‌లు ఎలా కలుస్తాయి?

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని చాలావరకు బయట కొన్న భాగాలతోనే తయారుచేసింది. ప్రాసెసర్ ఇంటెల్ 8088, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. అందుకే వేరే కంపెనీలు కూడా దానికి సరిపోయే మెషీన్లు తేలిగ్గా చేయగలిగాయి. తర్వాత 1995లో ఇంటెల్ 'ఏటీఎక్స్' అనే ప్రమాణం తెచ్చింది. మదర్‌బోర్డ్‌కి స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, కరెంటు కనెక్టర్ ఎలా ఉండాలి లాంటివన్నీ అందులో రాసి ఉంటాయి. ఈరోజు మనం ఒక కంపెనీ బోర్డ్, ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్, మూడో కంపెనీ క్యాబినెట్ కొని కలపగలుగుతున్నామంటే కారణం ఇదే.

రెడీమేడ్ దగ్గర చూడాల్సిన మొదటి పాయింట్ కూడా ఇక్కడే ఉంది. పెద్ద బ్రాండ్ల డెస్క్‌టాప్‌లలో చాలా మోడల్స్ ఈ ప్రమాణాన్ని పూర్తిగా పాటించవు. బోర్డ్ ఆకారం వాళ్లదే, పవర్ కనెక్టర్ వాళ్లదే. కొన్నప్పుడు తేడా ఏమీ తెలియదు. రెండేళ్ల తర్వాత గ్రాఫిక్స్ కార్డ్ పెడదామంటే ఎస్ఎంపీఎస్ చాలదు. బయటి ఎస్ఎంపీఎస్ తెస్తే ప్లగ్ పట్టదు. బోర్డ్ మారుద్దామంటే క్యాబినెట్‌లో కూర్చోదు. అందుకే ఆ మోడల్‌లో మామూలు ఏటీఎక్స్ భాగాలు పడతాయో లేదో కొనేముందే కనుక్కోండి.

మన ముందున్న దారులు మూడు

ఒకటి, సీల్డ్ డబ్బాలో వచ్చే బ్రాండెడ్ సిస్టమ్. రెండోది, షాపువాళ్లు తమ దగ్గరున్న స్టాక్‌తో బిగించి ఇచ్చే ప్యాకేజీ. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినవాళ్లకి ఇది బాగా తెలుసు. "గేమింగ్ పీసీ కావాలా, ఎడిటింగ్ పీసీ కావాలా" అని అడిగి కొటేషన్ చేతిలో పెడతారు. మూడోది, ప్రతి పార్ట్ మోడల్ నంబర్ మనమే రాసుకుని కొనడం.

రెండో దాన్ని అందరూ అసెంబుల్డ్ అంటారు కానీ, నా లెక్కలో అది కూడా రెడీమేడే. లిస్ట్ మీది కాదు కదా! మూడో దారిలో మాత్రం బిగించే పని షాపులో చేయించుకున్నా లిస్ట్ మీదే. అసెంబుల్డ్ వల్ల వచ్చే లాభంలో ఎక్కువ భాగం ఆ లిస్ట్‌లోనే ఉంది.

"ఐ5, 16 జీబీ, 512" వెనక ఏముంది?

మా పిన్ని కొడుకు ఒకసారి ఒక ఆన్‌లైన్ ప్రకటన పంపాడు. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, రంగురంగుల లైట్ల క్యాబినెట్. రేటు చూస్తే నోరూరేలా ఉంది. కిందికి స్క్రోల్ చేస్తే చిన్న అక్షరాల్లో అసలు మోడల్ కనిపించింది: ఐ5-3470. అది 2012 నాటి చిప్. అందులో 4 కోర్లు, 4 థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ5-12400లో 6 కోర్లు, 12 థ్రెడ్లు. రెండింటి పేరూ ఐ5నే! పైగా మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే కొన్న రోజే ఆ సిస్టమ్ పాతదన్నమాట. వాడు కొనకుండా ఆగాడు. ఇలాంటి ప్రకటనలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

కాబట్టి బ్రాండెడ్ అయినా, షాపు ప్యాకేజీ అయినా, ఈ ఐదు వివరాలు అడగండి.

1. ప్రాసెసర్ పూర్తి నంబర్. ఐ5 అంటే చాలదు. ఇంటెల్‌లో చివర 'ఎఫ్' ఉంటే, అంటే 12400ఎఫ్ లాంటివైతే, లోపల గ్రాఫిక్స్ ఉండవు. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ పెట్టకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు.

2. ర్యామ్ ఎన్ని స్టిక్‌లు. 16 జీబీ అంటే ఒకటే స్టిక్ కావచ్చు, 8 చొప్పున రెండు కావచ్చు. డీడీఆర్4-3200 ర్యామ్ ఒక చానెల్‌లో సెకనుకి గరిష్ఠంగా 25.6 జీబీ డేటా పంపగలదు, రెండు చానెల్స్‌లో 51.2 జీబీ. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటాయి. అందుకే అక్కడ ఒక స్టిక్‌కీ రెండు స్టిక్‌లకీ గేమ్స్‌లో తేడా బాగా తెలుస్తుంది.

3. ఎస్ఎస్‌డీ ఏ రకం. సాటా అయితే సెకనుకి సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈలో మూడో తరంవే 3,500 ఎంబీ వరకు వెళ్తాయి. ఎం.2 ఆకారంలో ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ అయిపోదు. అదే ఆకారంలో సాటావి కూడా ఉన్నాయి.

4. మదర్‌బోర్డ్ మోడల్. ర్యామ్ స్లాట్లు రెండా నాలుగా, ఎం.2 స్లాట్లు ఎన్ని, రేపు ఇంకా మంచి ప్రాసెసర్ పడుతుందా అన్నవి దీన్నిబట్టే ఉంటాయి. ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 వరకూ దాన్ని కొనసాగిస్తామని కంపెనీ ప్రకటించింది. అప్‌గ్రేడ్ ఆలోచన ఉంటే ఇలాంటివి చూసుకోవాలి.

5. ఎస్ఎంపీఎస్. ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతి ఒక్కరూ ముందు కోసేది దీన్నే, ఎందుకంటే ప్రకటనలో దీని పేరు ఎవరూ వెతకరు. స్టిక్కర్ మీద 12 వోల్ట్ లైన్‌లో ఎన్ని యాంప్స్ ఉన్నాయో చూడండి. 12ని 37తో గుణిస్తే 444 వాట్లు. 450 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్‌లో లెక్క ఇలా దగ్గరగా ఉంటుంది. అదే 16 యాంప్స్ అని ఉంటే 192 వాట్లే, డబ్బా మీద ఎంత పెద్ద నంబర్ రాసినా సరే. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 3060 కార్డ్ ఒక్కటే 170 వాట్లు తీసుకుంటుంది, దానికి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టమని ఎన్‌విడియానే చెబుతుంది.

అసెంబుల్డ్ ఎప్పుడూ చవకేనా?

ఇదివరకు కళ్లు మూసుకుని అవును అనేసేవాళ్లం. ఇప్పుడు లెక్క వేసుకోవాల్సిందే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ భారీగా కావాల్సి రావడంతో, మామూలు కస్టమర్‌కి వచ్చే వాటా తగ్గింది. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ అయితే తన క్రూషియల్ కన్స్యూమర్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇలాంటప్పుడు పాత రేటుకి కొన్న ర్యామ్‌తో స్టాక్‌లో ఉన్న రెడీమేడ్ సిస్టమే చవగ్గా పడొచ్చు. అందుకే ఇక్కడ నేను రేట్లు రాయడం లేదు. ఈ వారం రాసింది వచ్చే వారానికి తప్పవుతుంది.

పోల్చేటప్పుడు రెండు వైపులా అన్నీ కలపండి. బ్రాండెడ్‌లో సాధారణంగా ఒరిజినల్ విండోస్, కీబోర్డ్, మౌస్ వస్తాయి. అసెంబుల్డ్‌లో విండోస్ లైసెన్స్ విడిగా కొనాలి, లేదా లైనక్స్ వేసుకోవాలి. కోడింగ్ నేర్చుకునేవాళ్లకి లైనక్స్ చక్కగా సరిపోతుంది. "విండోస్ ఫ్రీగా వేసిస్తాం" అని లైసెన్స్ ఇవ్వకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

ఇంకోటి, బిల్లు. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అంటారు. తగ్గించేది 18 శాతం జీఎస్టీ. దాంతోపాటు పోయేది మీ వారంటీ ధీమా. కచ్చా బిల్లుతో రేపు ఎవరినీ గట్టిగా అడగలేరు.

వారంటీ: ఒకే చోటా, ఎనిమిది చోట్లా?

బ్రాండెడ్ సిస్టమ్‌కి ఎక్కువగా ఏడాది వారంటీ ఉంటుంది, కొన్నింటికి మూడేళ్లు. ఫోన్ చేస్తే ఇంటికే వచ్చే సర్వీస్ కూడా చాలా మోడల్స్‌కి ఇస్తారు. ఏది పాడైనా ఒకటే నంబర్.

విడి పార్ట్‌లకి వారంటీ ఎక్కువ కాలం వస్తుంది. బాక్స్‌లో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకి మామూలుగా 3 ఏళ్లు. మంచి ఎస్ఎస్‌డీలకి 3 నుంచి 5, మంచి ఎస్ఎంపీఎస్‌లకి 5, 7, కొన్నింటికి 10 ఏళ్లు. బాక్స్ లేని 'ట్రే' ప్రాసెసర్‌కి మాత్రం ఇంటెల్ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మినవాళ్లే చూసుకోవాలి. కానీ ఇక్కడ ఏది పాడైందో కనిపెట్టే పని మీది. ప్రాసెసర్ ఒక కంపెనీ, బోర్డ్ ఒక కంపెనీ, ఎవరి పార్ట్‌కి వాళ్లే బాధ్యులు. హైదరాబాద్‌లో ఉంటే పట్టుకెళ్లి ఇచ్చేయొచ్చు. శ్రీకాకుళం దగ్గరో, ఆదిలాబాద్ దగ్గరో ఉంటే కొరియర్ చేసి వారాల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. ఇది చిన్న విషయం కాదు, కొనేముందే ఆలోచించండి.

సొంతంగా బిగించడం కష్టమా?

మొదటిసారి అయితే ఓ సాయంత్రం పడుతుంది. సాకెట్ గుర్తు చూసి ప్రాసెసర్ పెట్టడం, నాలుగు స్లాట్లుంటే బోర్డ్ మాన్యువల్ చెప్పిన జంటలో, ఎక్కువగా రెండూ నాలుగూ స్లాట్లలో, ర్యామ్ గుచ్చడం, కూలర్ బిగించడం, క్యాబినెట్ ముందు బటన్ల సన్న వైర్లు కలపడం. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డ్‌కి కాదు.

బిగించడం తేలికే. అసలు పరీక్ష ఆన్ చేశాక మొదలవుతుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ర్యామ్ సరిగ్గా కూర్చోలేదా, బోర్డ్‌లో పాత బయోస్ ఉండి కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టలేదా, ఎస్ఎంపీఎస్‌దే లోపమా? తేల్చాలంటే ఇంకో ర్యామో ఇంకో ఎస్ఎంపీఎస్సో పెట్టి చూడాలి. షాపులో అవి అల్మరా నిండా ఉంటాయి, ఇంట్లో ఉండవు. అందుకే మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా: లిస్ట్ మీరు రాయండి, షాపులో మీ కళ్లముందే బిగించమనండి, ఆన్ అయ్యాకే ఇంటికి తెచ్చుకోండి. మీరే బిగించాలన్న సరదా ఉంటే పాత సిస్టమ్ ఒకటి విప్పి, మళ్లీ బిగించి చేయి తిప్పుకోండి.

మన ఎండ, మన కరెంటు

విజయవాడలో, రామగుండంలో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గది వేడి పెరిగితే సిస్టమ్ లోపలి వేడి కూడా అంత పెరుగుతుంది. రైజెన్ 5 5600జీకి గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు, ఐ5-12400కి 100. ఆ దగ్గరికి వెళ్తే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గాలి ఆడని ఇరుకు డబ్బా రెడీమేడ్‌లోనూ ఉంటుంది, ముందు అద్దం బిగించిన లైట్ల క్యాబినెట్‌లోనూ ఉంటుంది. ముందువైపు జాలీ ఉన్నది తీసుకోండి.

అలాగే క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని చాలామంది చెబుతుంటారు. ఎక్కువసార్లు కారణం ఇంట్లో సరైన ఎర్తింగ్ లేకపోవడం. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు మూడో పిన్ గుండా భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే బాడీ మీదే నిలుస్తుంది. ఎంత ఖరీదైన సిస్టమ్ కొన్నా దీనికి మందు ఎలక్ట్రీషియన్ దగ్గరే ఉంది.

ఎవరికి ఏది?

ఇంట్లో పెద్దవాళ్ల వాడకం, చిన్న ఆఫీసు, సర్వీస్ సెంటర్‌కి దూరంగా ఉన్న ఊరు: ఇంటికొచ్చే సర్వీస్ ఉన్న బ్రాండెడ్ తీసుకోండి. పైన చెప్పిన ఐదు వివరాలు అడిగి మరీ.

కోడింగ్‌తోపాటు గేమ్స్, ఎడిటింగ్, ఏటా కొంచెం కొంచెం పెంచుకునే ఆలోచన: సొంత లిస్ట్‌తో అసెంబుల్డ్. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డ్‌కి డబ్బు చాలకపోతే లోపల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తీసుకుని, బోర్డ్, ఎస్ఎంపీఎస్ మాత్రం మంచివి పెట్టండి. కార్డ్ తర్వాత వస్తుంది.

లిస్ట్ లేని షాపు ప్యాకేజీ మాత్రం ఎవరికీ వద్దు. కొటేషన్‌లో ప్రతి పార్ట్ మోడల్ నంబర్ రాయమనండి, బిల్లులో సీరియల్ నంబర్లు వేయమనండి. సరేనంటే ఆ షాపులో నిశ్చింతగా కొనొచ్చు. "అవన్నీ మీకెందుకు సార్" అంటే పక్క షాపుకి నడవండి. 60 వేలంటే ఇంట్లోవాళ్లు నెలల తరబడి దాచిన డబ్బు. లోపల ఏముందో అడిగే హక్కు దానితోపాటే వస్తుంది.