కాలాపాని దాటిన మౌల్వీ

గొప్పలకు పోవువానిని ‘వీడొక పెద్ద తురుంఖాను’ అని ఎత్తిపొడుచుట తెలంగాణమున అలవాటు. హైదరాబాదు బేగంబజారున వినవచ్చు ఈ మాట పాలమూరు సీమలో ఖిల్లా ఘణపూర్ రచ్చబండల మీదను వినవచ్చును. ఆ తురుంఖాను 1857 నాటి తుర్రేబాజ్‌ఖానే అని పెద్దలు చెప్పుదురు. ఆయనతో కలిసి పోరాడిన మౌల్వీ అల్లావుద్దీనునకు మాత్రము నానుడిలో చోటు దక్కలేదు.

ఆ యేడు జమేదారు చీదాఖాను తెల్లదొరల సైన్యమును వీడి, ఆశ్రయము కోరి హైదరాబాదు చేరెను. దివాను సాలార్‌జంగు అతనిని పట్టి రెసిడెంటు డేవిడ్‌సనునకు అప్పగించెను. నగరము భగ్గుమనెను. జూలై 17 సాయంకాలమున సుమారు 500 మంది రోహిల్లాలు తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీల వెంట కోఠీలోని రెసిడెన్సీపై పడిరి. నేడది మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణము. దివాను ముందే కబురంపియుండుటచే లోపలివారు ఫిరంగులతో సిద్ధముగా నుండిరి. పుత్లీబౌలి వైపు ఇండ్లలో చొరబడి రాత్రియెల్ల కాల్పులు సాగించియు, తెల్లవారకముందే తిరుగుబాటుదారులు చెదరిపోవలసి వచ్చెను.

తుర్రేబాజ్‌ఖాను కొలది దినములకే పట్టుబడెను. యావజ్జీవ ద్వీపాంతరవాసము విధింపబడెను. నిజాము రాజ్యమునకు సముద్రమే లేదు, ఇక ద్వీపమెక్కడిది? శిక్ష హైదరాబాదుదైనను, దీవి మాత్రము ఇంగ్లీషువారిది.

వారికిది పాత విద్య. 1830లో దక్షిణ ఇంగ్లండున కూలి గిట్టక, నోటి దగ్గరి కూడు లాగుకొనుచున్న నూర్పిడి యంత్రములను పల్లె కూలీలు పగులగొట్టిరి. వారిలో సుమారు 480 మందిని ఆలుబిడ్డలకు ఎడబాపి, ఓడలకెక్కించి, ఆస్ట్రేలియాకును, దాని దక్షిణమున నున్న వాన్ డీమెన్ దీవికిని పంపిరి. సొంత దేశపు పేదలనే అట్లు సాగనంపినవారు పరాయివారిని ఉపేక్షింతురా? 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో అండమానులో కొత్త వలసను తెరచిరి.

తుర్రేబాజ్‌ఖాను ఆ దీవిని చూడలేదు. 1859 జనవరిలో చెరనుండి తప్పించుకొనెను. తలపై 5,000 రూపాయల బహుమానము ప్రకటింపబడెను. కొలది దినములకే తూప్రాను దగ్గర చంపబడెను. శవమును నగరమునకు తెచ్చి అందరు చూచునట్లు వ్రేలాడదీసిరి. భయపెట్టుటకు చేసిన ఆ పనియే ఆయన పేరు చిరకాలము నిలుచుటకు తోడ్పడెనేమో!

మౌల్వీ కథలో అట్టి మెరుపు లేదు. కొంతకాలము బెంగుళూరు వైపు తలదాచుకొని, పిదప పట్టుబడి, 1859 జూన్ నెలలో అండమానునకు పంపబడెను. అండమానన్న నేడు అందరికిని సెల్యులర్ జైలు తలపునకు వచ్చును. మౌల్వీ నాటికి ఆ జైలు లేదు. రాతిగోడలకు బదులు అడవి, ఉప్పునీరు, చలిజ్వరము ఉండెను. చాతం, రాస్ దీవులలో ఖైదీలే చెట్లు నరికి, నేల చదునుచేసి, తమ్ము కావలికాయువారికి ఇండ్లు కట్టిరి. పారిపోవుటకు నలుదిక్కుల సముద్రమే.

తుర్రేబాజ్‌ఖాను తప్పించుకొన్న శిక్షను మౌల్వీ పాతికేండ్లకు పైగా అనుభవించెను. ఒక్క రాత్రి పోరాటమునకు అది మూల్యము. 1872లో వైస్రాయి మేయో ఆ దీవిలోనే షేర్ అలీ యను ఖైదీ కత్తికి బలియగునాటికి మౌల్వీ అక్కడకు వచ్చి పండ్రెండేండ్లు దాటెను. విడుదల మాత్రము రాలేదు. ఆయన అక్కడనే కన్నుమూసెను. 1896లో సెల్యులర్ జైలు కట్టడము మొదలగునప్పటికే ఆయన ఆ మట్టిలో కలిసిపోయియుండెను.