వైరస్ పోయింది, సత్తువ రాలేదు

చాలామందిలో అది ఒక జ్వరంతోనే మొదలవుతుంది. జ్వరం వారంలో తగ్గిపోతుంది, సత్తువ మాత్రం తిరిగి రాదు. నిద్ర లేచిన మనిషి పడుకునే ముందుకంటే ఎక్కువ అలసిపోయి ఉంటాడు. చదివిన వాక్యం గుర్తుండదు, కాసేపు నిలబడితే తల తిరుగుతుంది. ఈ స్థితి ఆరు నెలలు దాటినా వీడకపోతే, ఇంకే కారణమూ దొరక్కపోతే, వైద్యులు దాన్ని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు. దీని అసలు గుర్తు శ్రమ పడిన తర్వాతే బయటపడుతుంది. ఒక బకెట్టు బట్టలు ఉతికిన ఇల్లాలు ఆ పూట బాగానే ఉంటుంది. మరునాడో మూడోనాడో కుప్పకూలి వారం రోజులు మంచం దిగలేదు. రక్తపరీక్షలన్నీ నార్మల్ అని వస్తాయి. ఆ ‘నార్మల్’ అనే మాటతోనే రోగికి రెండో కష్టం మొదలవుతుంది. ఇంట్లో బద్ధకం అంటారు, ఆస్పత్రిలో టెన్షన్ అంటారు. రెండూ అన్యాయమైన మాటలే.

ఈ జబ్బు వెనుక వైరస్ ఉందన్న అనుమానం పాతది. 1934లో లాస్ ఏంజెలిస్ కౌంటీ ఆస్పత్రిలో పోలియో రోగులకు సేవ చేస్తున్న సిబ్బందిలో 198 మంది అంతుపట్టని నీరసంతో, ఒళ్లు నొప్పులతో పడిపోయారు. 1955 జులైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో 292 మంది సిబ్బందికి అలాంటిదే వచ్చి, అక్టోబరు దాకా ఆస్పత్రినే మూసేయాల్సి వచ్చింది. 1984–85లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, టాహో సరస్సు ఒడ్డున మళ్లీ అదే కనబడింది. ఈసారి అనుమానం ఎప్‌స్టీన్–బార్ వైరస్ మీదికి మళ్లింది. కానీ పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ ఆ వైరస్ నిద్రాణంగా ఉంటుంది. ఊళ్లో అందరి ఇళ్లలో ఉన్న కత్తిని ఒకరి ఇంట్లో చూపించి హత్య రుజువైందనలేం కదా. 1988లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఏ వైరస్ పేరూ తగిలించకుండా క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్న పేరు ఖాయం చేసింది.

వైరస్‌ను పట్టుకోవడమంటే ఏమిటో వరంగల్ జిల్లా దగ్గరుండి చూసింది. 2003 జూన్ నుంచి కరీంనగర్, వరంగల్ పల్లెల్లో పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్ మొదలయ్యాయి. పొద్దున ఆడుకున్న పిల్లవాడు మరునాటికి లేకుండా పోయిన ఇళ్లున్నాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో 329 మంది పిల్లలు ఆ మెదడువాపు బారిన పడితే 183 మంది దక్కలేదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు రోగుల నమూనాల నుంచి వైరస్‌ను ల్యాబ్‌లో పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టారు. తూటా ఆకారంలో ఉన్న వైరస్ కనబడింది. 1965లో నాగ్‌పూర్ దగ్గరి చాందీపురా గ్రామంలో తొలిసారి దొరికినదే అది. అయినా వివాదం ఆగలేదు. ఇది మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బ అని కొందరు వైద్యులు వాదించారు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు తీసిన నమూనాలో వైరస్ దొరికినా ఇంత చర్చ జరిగింది. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికి, రెండేళ్ల తర్వాత తీసిన రక్తంలో వైరస్‌ను వెతకాలంటే పని ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ కష్టం ఎంత పెద్ద పొరపాటుకు దారి తీయగలదో ఎక్స్ఎంఆర్‌వీ అనే వైరస్ ఉదంతం చూపించింది. 2009 అక్టోబరులో నెవాడాలోని విట్టెమోర్ పీటర్సన్ సంస్థకు చెందిన జూడీ మికోవిట్స్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. 101 మంది రోగుల్లో 68 మంది రక్తంలో ఈ వైరస్ జాడ ఉందని, ఆరోగ్యవంతులు 218 మందిలో ఎనిమిది మందిలోనే ఉందని దాని సారాంశం. ఏళ్ల తరబడి ఎవరూ నమ్మని రోగులకు అది ప్రాణం లేచి వచ్చినంత వార్త. కొందరు హెచ్ఐవీ మందులు కూడా వాడారు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఈ రోగుల నుంచి రక్తదానం తీసుకోవడం ఆపేశాయి. కానీ మిగతా ల్యాబుల్లో ఆ వైరస్ దొరకలేదు. యూటా విశ్వవిద్యాలయంలో ఇలా సింగ్ బృందం వంద మంది రోగులను పరీక్షిస్తే ఒక్కరిలోనూ లేదు.

చివరికి వైరస్ పుట్టిల్లు బయటపడింది. 1990లలో ఒక మనిషి ప్రొస్టేట్ కేన్సర్ గడ్డను ఎలుకల్లో నాటి పెంచారు. ఎలుకల్లోని రెండు వైరస్ ముక్కలు అక్కడ కలిసిపోయి ఈ కొత్త వైరస్ పుట్టింది. ఆ గడ్డ నుంచి వచ్చిన కణాలు ఎన్నో ల్యాబులకు వెళ్లాయి, వైరస్ కూడా వాటితోనే వెళ్లింది. పీసీఆర్ పరీక్ష ఎంత సున్నితమంటే, గొట్టంలో పడిన ఎలుక డీఎన్ఏ తునకను కూడా రోగి రక్తంలోనిదే అన్నట్టు చూపిస్తుంది. 2011 డిసెంబరులో ‘సైన్స్’ ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. మరుసటి ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ లిప్కిన్ 147 మంది రోగుల మీద, 146 మంది ఆరోగ్యవంతుల మీద జరిపిన పరిశోధనతో ఆ అధ్యాయం ముగిసింది. మికోవిట్స్ కూడా అందులో పాలుపంచుకున్నారు. తేలిన ఫలితాన్ని ఒప్పుకున్నారు.

ఇంతకంటే నిలకడైన జవాబు ఆస్ట్రేలియాలోని డబ్బో అనే చిన్న పట్టణం నుంచి వచ్చింది. అక్కడ జబ్బు ముదిరాక వెతకలేదు, జ్వరం వచ్చిన రోజు నుంచే రోగులను వెంబడించారు. ఎప్‌స్టీన్–బార్, రాస్ రివర్ వైరస్‌లు, క్యూ ఫీవర్ బ్యాక్టీరియా సోకిన 253 మందిలో ఆరు నెలలకు సుమారు 12 శాతం మంది తీరని నీరసంతో మిగిలారు. క్రిమి ఏదైనా ఆ నిష్పత్తి ఇంచుమించు ఒకటే. మొదట్లో జ్వరం ఎంత తీవ్రంగా ఉంటే తర్వాత ముప్పు అంత ఎక్కువ. 2006లో వెలువడిన ఈ ఫలితం తెలుగువారికి దగ్గరిది, ఎందుకంటే రాస్ రివర్ వైరస్ చికున్‌గున్యాకు చుట్టమే. 2005 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన చికున్‌గున్యా మరుసటి ఏడాది దేశంలో 13 లక్షల మందికి పైగా సోకిందని లెక్క. గోడ పట్టుకుని లేవడం, నీళ్ల చెంబు ఎత్తలేకపోవడం, ‘పానం సుస్తుగున్నది, ఒళ్లంత గుంజుతున్నది’ అని నెలల తరబడి చెప్పుకోవడం ఇక్కడివాళ్లకు తెలిసినవే. చికున్‌గున్యా కీళ్ల నొప్పి, ఈ సిండ్రోమ్ ఒకటి కావు. కానీ వైరస్ పోయాక కూడా ఒళ్లు కోలుకోకపోవచ్చన్నది రెంటికీ వర్తించే నిజం.

కోవిడ్ తర్వాత ఈ నిజాన్ని కాదనడం ఎవరికీ సాధ్యం కావడం లేదు. లాంగ్ కోవిడ్ రోగుల్లో చాలామంది లక్షణాలు ఈ సిండ్రోమ్‌కు సరిపోతాయి. 2024లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో అవీంద్ర నాథ్ బృందం ఇన్‌ఫెక్షన్ తర్వాత జబ్బుపడిన 17 మందిని లోతుగా పరీక్షించి, మెదడు పనితీరులోనూ రోగనిరోధక వ్యవస్థలోనూ తేడాలు గుర్తించింది. ఒకే వైరస్ కోసం సాగిన వేట, వైరస్ వదిలివెళ్లిన మార్పుల మీదికి మళ్లింది.

నిర్ధారించే రక్తపరీక్ష గానీ, నయం చేసే మందు గానీ ఇంకా లేవు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, టీబీ వంటివి లేవని తేల్చుకోవడం మొదటి పని. రోజురోజుకూ వ్యాయామం పెంచుకుంటూ పొమ్మన్న పాత సలహాను బ్రిటన్‌లో చికిత్స మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో వెనక్కి తీసుకుంది. ఒంట్లో ఉన్న ఓపికను బట్టి పని, మధ్య మధ్య విశ్రాంతి, కుప్పకూలక ముందే ఆగడం: ఇప్పుడు వైద్యులు చెప్పేది ఇదే.